పగడపు దిబ్బల మీద పనంటే ఏం చేస్తారు? హనుమకొండ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది హనుమకొండ. మా పాప బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం. పగడపు దిబ్బల మీద పనిచేస్తానని పట్టుబట్టి కూర్చుంది. మేం సముద్రం చూసిందే రెండుసార్లు. ఆ శాస్త్రవేత్తలు రోజూ ఏం పని చేస్తారు? ఎండలు ఇట్లా ముదురుతుంటే అసలు ఆ దిబ్బలు మిగులుతాయా? చచ్చిపోయేదాని మీద చదువెందుకని వాళ్ళమ్మ అంటోంది.

అన్నా, మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట్లో తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖ, తర్వాత లక్షద్వీప్, ఈ ఆరేడేళ్ళుగా ఎక్కువసేపు కంప్యూటర్ ముందు. వదిన అడిగిన మాటే మా అమ్మ కూడా అడిగింది. కాకపోతే ఇంకోటి కలిపింది: "ఉంగరంలో పొదిగే రాయి గురించి ఇన్నేళ్ళు చదివేదేముంటదే?"

ముందు ఆ ఉంగరం సంగతి తేల్చేద్దాం. రేపు చుట్టాలు మీ పాపను కూడా ఇదే అడుగుతారు. కుజదోషానికి ఉంగరంలో పెట్టించే ఎర్ర పగడం, పుస్తెలతాడులో గుచ్చే పగడం వేరే జీవి. అది మధ్యధరా సముద్రం లాంటి చోట్ల, వెలుతురు సరిగ్గా అందని లోతుల్లో పెరుగుతుంది. దిబ్బలు కట్టే పగడాలకు ఎండ కావాలి. ఇవి జంతువులే. ఒక్కొక్కటి చాలా జాతుల్లో కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, దాన్ని పాలిప్ అంటారు. వేలకు వేలు ఒకదాన్నొకటి అంటుకుని, కింద సున్నపురాయి కట్టుకుంటూ పైకి వస్తాయి. వాటి ఒంట్లో కంటికి కనపడనంత సన్నటి నాచు ఉంటుంది. అది ఎండతో తిండి తయారుచేసి, పగడానికి కావలసిన దాంట్లో 90 శాతం దాకా ఇస్తుంది. కిరాయికున్నవాడే ఇంటాయనకు రెండు పూటలా అన్నం పెట్టినట్టన్నమాట. పగడానికి ఆ గోధుమ, ఆకుపచ్చ రంగులు వచ్చేది చాలామటుకు ఈ కిరాయిదారు వల్లనే.

నీళ్ళు వేడెక్కితే ఈ నాచు పని గతి తప్పుతుంది. తిండికి బదులు పగడం కణాలను కాల్చే రసాయనాలు తయారవుతాయి. పగడం దాన్ని బయటికి నెట్టేస్తుంది. అప్పుడు మిగిలేది గాజులాంటి పల్చటి ఒళ్ళు, కింద తెల్లటి సున్నపురాయి. దాన్నే బ్లీచింగ్ అంటారు. ఇక్కడ చాలామంది పొరబడతారు: తెల్లబడ్డ పగడం ఇంకా చచ్చిపోలేదు, ఆకలితో ఉంది. కొన్ని వారాల్లో నీళ్ళు చల్లబడితే నాచు మళ్ళీ చేరుతుంది. చల్లబడకపోతే ఒళ్ళు ఊడిపోయి, ఆ తెల్లరాయి మీద ఆకుపచ్చ పాచి పడుతుంది. ఇక అది పోయినట్టే.

అసలు మన తెలుగు తీరంలో ఇవి ఎందుకు లేవని మీ పాప అడిగిందో లేదో గానీ, దానికి జవాబు మన దగ్గరే ఉంది. కాళేశ్వరం, ఏటూరునాగారం మీదుగా పోయే గోదావరిని వానాకాలంలో చూడండి, ఎర్రగా బురద కలిపినట్టు ఉంటుంది. ఆ మట్టి, ఆ మంచినీళ్ళు వెళ్ళి కలిసేది బంగాళాఖాతంలో. కృష్ణదీ అదే కథ. పగడానికి తేటనీళ్ళు, ఉప్పు, ఎండ మూడూ కావాలి. విశాఖ వైపు రాళ్ళ మీద అక్కడక్కడా పగడాలు కనపడతాయి గానీ దిబ్బ కట్టేంత లేవు. మన దేశంలో దిబ్బలున్నవి కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, పాక్ బే, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో.

(ఒక పక్క ముచ్చట. సున్నపురాయి కట్టే జీవులు మన జిల్లాకు కొత్తేం కాదు. పాఖాల చెరువు పేరుతో భూగర్భ శాస్త్రంలో ఒక శిలా సముదాయమే ఉంది. వంద కోట్ల ఏళ్ళ పైబడిన రాళ్ళు, ఒకప్పటి సముద్రంలో పేరుకున్నవి. వాటిలోని సున్నపురాళ్ళలో సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టిన గుట్టలు ఇప్పటికీ కనపడతాయి. అప్పటికి పగడాలు పుట్టనే లేదు. సముద్రం మన దగ్గరికి రాలేదని బాధపడకండి, వచ్చి పోయింది.)

ఇక వేడి సంగతి. మనకు మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలంటే వార్త కూడా కాదు. అందుకే నీళ్ళు ఒక్క డిగ్రీ పెరిగితే పగడం చస్తుందంటే మనవాళ్ళు నవ్వుతారు. కోళ్ళ ఫారం ఉన్నవాళ్ళకు చెప్పి చూడండి, వాళ్ళు నవ్వరు. ఒకటి రెండు రోజుల ఎండకు గోనెపట్టాలు తడిపి కట్టి నెట్టుకొస్తారు. అదే వారం పాటు రాత్రి కూడా చల్లబడకపోతే పొద్దున షెడ్డు తలుపు తీయాలంటేనే టెన్షన్. పగడానికీ అంతే. ఎంత వేడి అన్నదానితో పాటు ఎన్నాళ్ళ వేడి అన్నది చూడాలి.

దీనికి శాస్త్రవేత్తలు ఒక లెక్క పెట్టుకున్నారు. ఒక్కో చోట ఏడాదిలో అన్నిటికన్నా వేడిగా ఉండే నెల సగటు ఎంతో ముందు తెలుసుకుంటారు. నీళ్ళు దానికన్నా కనీసం ఒక డిగ్రీ ఎక్కువున్న రోజులనే పట్టుకుని, గత 12 వారాల్లో పోగైన వేడిని కూడతారు. ఒక డిగ్రీ ఎక్కువగా నాలుగు వారాలుంటే 4. రెండు డిగ్రీలు ఎక్కువగా నాలుగు వారాలుంటే 8. డిగ్రీ హీటింగ్ వీక్స్ అంటారు, మేం మాటల్లో డిగ్రీ-వారాలు అనేస్తాం. 4 దాటితే గట్టి బ్లీచింగ్ వస్తుంది, 8 దాటితే పెద్ద ఎత్తున చావులుంటాయి. శాటిలైట్లు కొలిచే సముద్రపు వేడి నుంచి ఈ లెక్క వస్తుంది. ప్రపంచం మొత్తానికి అమెరికా వాళ్ళ నోవా సంస్థ వేస్తుంది. మన దేశపు దిబ్బలకు వేసి హెచ్చరికలిచ్చేది ఎక్కడనుకున్నారు? హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ. సునామీ హెచ్చరికలిచ్చే ఆఫీసు కూడా అదే. అంటే సముద్రం లేని రాష్ట్రంలో కూర్చునే లక్షద్వీప్ పగడాలకు జ్వరం ఎంతుందో చూస్తున్నారు. వదినకు ఈ ఒక్క ముక్క చెప్పండి, సగం దిగులు తగ్గుతుంది.

అయితే శాటిలైట్ చూసేది నీళ్ళ పైపొరనే. కింద ఏం జరిగిందో తెలియాలంటే మనిషి దిగాల్సిందే. రోజూ ఏం చేస్తారని అడిగారు కదా, ఉన్నదున్నట్టు చెప్తాను. టీవీలో చూపించే రంగురంగుల చేపల మధ్య ఈదడం పదో వంతు. మిగతాదంతా లెక్క రాయడం.

మన్నార్‌లో దిబ్బలు పెద్ద లోతులో ఉండవు, చాలాచోట్ల మూడు నిలువుల లోపే. పొద్దున్నే పడవలో వెళ్తాం. కింద 20 మీటర్ల టేపు పరుస్తాం, బట్టల కొట్లో వాడే టేపు లాంటిదే, కొంచెం దళసరిది. ఆ టేపు కింద మొదటి నుంచి చివరి దాకా ఏముందో సెంటీమీటర్లలో రాస్తూ పోవాలి: ఇక్కడి నుంచి ఇక్కడి దాకా కొమ్మ పగడం, తర్వాత ఇసుక, తర్వాత బండ పగడం, దాని మీద తెల్లమచ్చ, తర్వాత చచ్చిన రాయి మీద పాచి. రాసేది ప్లాస్టిక్ పలక మీద, మామూలు పెన్సిల్‌తో. పెన్సిల్‌ను దారంతో పలకకు కట్టుకోకపోతే అది పైకి తేలిపోతుంది, మన పని అక్కడితో సరి. నీళ్ళ ఊపుకు టేపు అటూ ఇటూ కదులుతుంటుంది, మనమూ కదులుతుంటాం. బురద లేస్తే మన చెయ్యి మనకు కనపడదు. టేపు పక్కన పైపులతో చేసిన చట్రం పెట్టి ఫోటోలు తీస్తాం. నాలుగు మూలలా ఇనుప మేకులు దిగగొట్టి వస్తాం, వచ్చే ఏడు మళ్ళీ అదే చోటికి రావాలని. వాటితో పాటు అగ్గిపెట్టెంత లాగర్ ఒకటి కట్టి వస్తాం. అది అర్ధగంటకోసారి నీళ్ళ వేడి రాసుకుంటుంది. ఏడాది తర్వాత వెళ్తే గుల్లలు పట్టి రాయేదో లాగర్ ఏదో తెలియదు. ఒకసారి రెండు లాగర్లు ఎవరి వలలోనో పడి పోయాయి. ఒక ఏడాది వేడి లెక్క మొత్తం గల్లంతు.

మొదటి ఏడాది నేను 'బతికి ఉంది' అని రాసినవాటిలో కొన్ని అప్పటికే చచ్చి పాచి పట్టినవని మా సీనియర్ చూసి పట్టుకున్నారు. సన్న పాచి రంగూ, పగడం రంగూ ఒకేలా అనిపించాయి. దగ్గరికెళ్ళి చూస్తే పగడం మీద పాలిప్‌ల గుంటలు వరుసగా కనపడతాయి, పాచి మీద నూగు ఉంటుంది. ఆ తేడా కంటికి అలవాటవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. అందుకే ఇప్పుడు ఒకే టేపును ఇద్దరు విడివిడిగా రాసి, పైకి వచ్చాక సరిచూసుకుంటారు.

ఈ విసుగు పని ఎందుకంటే, ఒక్కసారి చూసి దిబ్బ బాగుందో లేదో చెప్పలేం. లక్షద్వీప్‌లో 1998 నుంచి 2022 దాకా అవే చోట్లను మళ్ళీ మళ్ళీ కొలిచారు. బతికున్న పగడం దిబ్బ మీద 37 శాతం ఉండేది సుమారు 19 శాతానికి వచ్చింది. ఆ మధ్యలో 1998, 2010, 2016 బ్లీచింగ్‌లు మూడు వచ్చాయి. ఇంకో సంగతి కూడా ఆ లెక్కల్లోనే బయటపడింది: ఒక దెబ్బ తర్వాత మొదటి ఆరేళ్ళు కోలుకోవడం నత్తనడకే, ఆ తర్వాతే ఊపందుకుంటుంది. ఇప్పుడు ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2024 దాకా వచ్చిన పెద్ద బ్లీచింగ్‌ల సంవత్సరాలు చూడండి: 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024. చివరివాటి మధ్య ఎడం రెండు మూడేళ్ళే. మిరప తోటకు ఒక తడికీ ఇంకో తడికీ మధ్య ఎడం ఎంతుండాలో మీకు తెలుసు కదా, ఇక్కడ ఆ ఎడమే పోయింది. పగడాలు ఎండకు చస్తున్నాయనడం కన్నా, తేరుకునే తీరిక లేక చస్తున్నాయనడం సరైన మాట.

మనుషులు కొలవని కాలం సంగతి కూడా తెలుస్తుంది. బండ పగడాలు వందల ఏళ్ళు బతుకుతాయి. బోరుబావి వేసినట్టు వాటిలోకి సన్నటి డ్రిల్ దింపి ఒక కడ్డీ లాంటి ముక్క బయటికి తీస్తారు, రంధ్రాన్ని మూసేస్తారు. ఆ ముక్కను ఎక్స్‌రే తీస్తే చెట్టు మొద్దులో లాగా ఏడాదికో వలయం కనపడుతుంది. ఆ వలయంలో స్ట్రాన్షియం, కాల్షియం పాళ్ళు ఎంతున్నాయో చూసి ఆ ఏడు నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చెప్పొచ్చు. గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఈ మధ్యకాలపు వేసవి వేడి 400 ఏళ్ళలో ఎన్నడూ లేనంతని ఇలా లెక్కగట్టే 2024లో తేల్చారు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఎక్స్‌రే ఫిల్మ్ మీద ముత్తాతల కాలం నాటి ఎండాకాలం కనపడుతుంటే అదో తృప్తి.

కాపాడటం మాటకొస్తే, ఇక్కడ నాకు కొంచెం పేచీ ఉంది. తాళ్ళకు పగడపు కొమ్మలు వేలాడదీసి, సిమెంటు దిమ్మెల మీద నాటే ఫోటోలు పేపర్లో చక్కగా వస్తాయి. నేనూ నాటాను. దిబ్బ విరిగింది మనిషి చేతిలో అయితే, ఆ చెయ్యి ఆగిపోతే, నాటడం పనికొస్తుంది. తూత్తుకుడి వైపు ఒకప్పుడు పగడపు దిబ్బల్ని తవ్వి సున్నానికీ ఫ్యాక్టరీలకూ తోలేవారు. 2001లో ఈ పగడాలను వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, అంటే పులికున్న రక్షణే వీటికీ ఉంది. తవ్వకాలు ఆగాక అక్కడ నాటినవి బాగానే పట్టుకున్నాయి. ఇండోనేషియాలో బాంబులు వేసి చేపలు పట్టడం వల్ల దిబ్బ అంతా కంకర అయిపోయిన చోట, ఇనుప చట్రాలు పరిచి కొమ్మలు కట్టారు. కంకర దొర్లుతుంటే పిల్ల పగడం నిలబడలేదు, చట్రం ఉంటే నిలబడుతుంది. అక్కడా ఫలితం కనపడింది. కానీ చంపుతున్నది వేడే అయినప్పుడు? 2023 ఎండాకాలంలో ఫ్లోరిడాలో సముద్రంలోని నర్సరీల నుంచి పగడాలను బయటికి తీసి, ఒడ్డున తొట్లలోకి మార్చాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి నాటినవి ఎన్నో ఆ ఒక్క వేసవికి పోయాయి. నారు మంచిదే, మడిలో నీళ్ళు మరుగుతుంటే ఏం లాభం?

అందుకే ఇప్పుడు తలలు పండినవాళ్ళు విత్తనం మీద పడ్డారు. తామర పురుగు వచ్చి మన మిరప తోటలు ముడుచుకుపోయిన 2021-22 సీజన్ గుర్తుందా? తోట అంతా పోయి పది చెట్లు నిలబడితే, చపాటా మిరప వేసే రైతు ఆ చెట్ల కాయలు విడిగా ఎండబెట్టి విత్తనానికి దాచుకుంటాడు. వీళ్ళు చేస్తున్నదీ అదే. ఒక్కో పగడానికి నంబరు వేసి, చిటికెడు ముక్క విరిచి, చిన్న తొట్లలో నీళ్ళ వేడిని మెట్లుమెట్లుగా పెంచుతారు. ఒక్క రోజు కూడా పట్టదు, 18 గంటల్లో ఏది తట్టుకుంటుందో ఏది వాడిపోతుందో తేలుతుంది. తట్టుకున్నవాటిని ఒకదానితో ఒకటి కలిపి పిల్లల్ని పెంచాలంటే మాత్రం అవి గుడ్లు వదిలే రాత్రి దాకా ఆగాలి. చాలా జాతులు ఏడాదికి ఒక్కసారి, పున్నమి దాటిన కొన్ని రాత్రుల్లో, అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వదులుతాయి. ఆ రాత్రి జ్వరమొచ్చి పడుకుంటే మళ్ళీ ఏడాదికే.

పసిఫిక్ సముద్రంలోని పలావ్ దీవుల దగ్గర ఇలా ఒక తరం ఎంచి పెంచితే వచ్చిన లాభం సుమారు ఒక డిగ్రీ-వారం అని 2024లో ప్రకటించారు. పైన చెప్పిన లెక్కలో పెట్టి చూడండి: చావులు 8 దగ్గర మొదలయ్యే చోట 9 దాకా ఓర్చుకుంటుందేమో. తక్కువేం కాదు, కానీ సముద్రం వేడెక్కే జోరుకు చాలదు. పైగా ఏదీ ఊరికే రాదు. వేడిని తట్టుకునే రకం నాచును పెట్టుకున్న పగడాలు నెమ్మదిగా పెరుగుతాయి. చపాటాకు రంగెక్కువ, కారం తక్కువ. అన్నీ ఒక్క చెట్టుకే కాయవు.

పేపర్లో రాని రక్షణ ఇంకోటుంది. లక్షద్వీప్ జాలర్లు తరతరాలుగా గాలపు కర్రలతో నడిసముద్రంలో ట్యూనా పడతారు, దిబ్బ మీది చేపల జోలికి పెద్దగా పోరు. దాంతో పాచిని గీకి తినే చిలక చేపల్లాంటివి అక్కడ మిగిలాయి. అవి పాచిని తినబట్టే 1998 దెబ్బ తర్వాత పిల్ల పగడాలకు కూర్చునే చోటు దొరికింది. ఇప్పుడు దిబ్బ చేపలకూ గిరాకీ పెరుగుతోంది. నన్నడిగితే నాలుగు నర్సరీల ఖర్చు ఒకవైపు, ఆ చేపను పట్టకుండా ఊరివాళ్ళతో కుదుర్చుకున్న మాట ఒకవైపు పెడితే, నేను రెండోవైపే తూగుతాను. అలాగని చేపలు వేడిని ఆపలేవు. దెబ్బ తగిలాక లేవడానికి చెయ్యి అందిస్తాయి, అంతే.

మిగులుతాయా అని అడిగారు. ఫ్యాక్టరీల కాలం మొదలవకముందు కన్నా భూమి వేడి 1.5 డిగ్రీలు పెరిగితే వేడి సముద్రాల దిబ్బల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2018లో చెప్పింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి బ్లీచింగ్ ప్రకటించారు, లక్షద్వీప్ ఆ ఏడు మళ్ళీ తెల్లబడింది. బొగ్గు, పెట్రోలు తగ్గకుండా మా టేపులు, తొట్లు దిబ్బల్ని గట్టెక్కించలేవు. అయితే 1.5కీ 2కూ మధ్య ఆ తేడా చూశారా? ఒక దగ్గర పదో ముప్పయ్యో శాతం మిగులుతుంది, ఇంకో దగ్గర ఏమీ మిగలదు. ఆ మిగిలేవి ఎక్కడున్నాయి, ఎందుకు తట్టుకున్నాయి, చుట్టూ ఉన్న నీళ్ళు చల్లవా, లోపలి నాచు మంచిదా, ఊరివాళ్ళు చేపలు వదిలారా అన్నది ఇప్పుడు కొలిచేవాళ్ళు లేకపోతే తర్వాత చెప్పేవాళ్ళు ఉండరు. వదిన ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే.

చదువు, ఉద్యోగం సంగతి. మెరైన్ బయాలజీ పీజీకి విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ ఉంది, కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ యూనివర్సిటీ) ఉంది, అన్నామలై యూనివర్సిటీకి పరంగిపేటలో కేంద్రం ఉంది, పాండిచ్చేరి యూనివర్సిటీకి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) క్యాంపస్ ఉంది. చివరిదానికి వెళ్తే దిబ్బ హాస్టల్‌కు దగ్గర. నెట్ పరీక్ష రాయక తప్పదు. చాలా ఏళ్ళు ప్రాజెక్టు ఉద్యోగాలే ఉంటాయి, రెండేళ్ళకో మూడేళ్ళకో ముగుస్తాయి, జీతం రావడం ఆలస్యమైన నెలలు నేనూ చూశాను. ఇది దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్, శాటిలైట్ మ్యాపులు ఇప్పుడే మొదలుపెట్టమనండి. జువాలజీ వచ్చి లెక్కలు రానివాళ్ళు చాలామంది ఉన్నారు, రెండూ వచ్చినవాళ్ళు తక్కువ.

ఈత రాదని దిగులొద్దు. నాకు మా పెద్దబాపు నడుముకు తాడు కట్టి వ్యవసాయ బావిలో దింపి నేర్పించాడు. స్కూబా నేర్చుకునే రోజు పక్కన తీరప్రాంతం పిల్లలు ఇద్దరు బెదిరారు, నేను బెదరలేదు. బావిలో అడుగు కనపడదు కదా, అడుగు కనపడే నీళ్ళకు భయమెందుకు?

ఫీజు కట్టే ముందు ఒక పని చేయించండి. వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గరో, మీకు దగ్గరున్న ఇంకో చెరువు దగ్గరో ఒక చోటు ఎంచుకోమనండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేసుకుని, నాలుగు మూలలా మేకులు కొట్టి, వారానికొకసారి అదే రోజు, అదే వేళకు అందులో గుర్రపుడెక్క ఎంత, నాచు ఎంత, ఖాళీ నీళ్ళు ఎంత, నీళ్ళ వేడి ఎంత అని రాయమనండి. మూడు నెలలు. మూడో వారానికే నోట్‌బుక్ మూలన పడితే, ఆ పిల్లకు సముద్రమంటే ఇష్టమే గానీ ఈ పనంటే కాదు. అలా కాకుండా, తన మేకు ఎవరో పీకేశారని ఒకరోజు కోపంగా ఇంటికొచ్చిందనుకోండి, కాజీపేటలో రైలెక్కించండి.